ఏ ఊరి నీళ్ళు?

మా ఇంట్లో ఒక అంగడి వెలిసి ఏడాదిన్నర అయింది. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, బ్యాటరీలు, చిన్నచిన్న దీపాలు, గంటలు - అందులో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఒక్కటీ డబ్బిచ్చి తెచ్చింది కాదు. ఇల్లు ఊడ్చేటప్పుడు మా ఆవిడ కాలికి ఒక్కటీ గుచ్చుకోదు. ఎందుకంటే ఆ అంగడి యావత్తూ మా అమ్మాయి లాప్‌టాప్‌లో వుంది.

మా అమ్మాయి అంటే మా ఆవిడకు స్వయానా మేనకోడలు. ఇక్కడ తిరుపతిలో పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదువుతూ మా ఇంట్లోనే వుంటున్నది. వాళ్ళ నాయన, అంటే మా బావ, బంగారుపాళెం దగ్గర బోరుమోటార్లకు వైండింగు కట్టే అంగడి పెట్టుకున్నాడు. కాస్త మామిడితోపు కూడా వుంది, అంతా తోతాపురి. ఆ తోపు కాపు అమ్మిన డబ్బులోంచి 18 వేలు తీసి పిల్లకు ఈ పాత లాప్‌టాప్ కొనిచ్చాడు. కొన్న రోజునుంచీ ఆయనకు ఒకటే సందేహం. "దీంట్లో ఏం కడతాది బావా ఈ పాప? కట్టింది చేతికి రాదు గదా?" అని తిరుపతి వచ్చినప్పుడల్లా నన్నడుగుతాడు.

నేను కాలేజీలో చెప్పేది తెలుగు. నన్నయభట్టుకూ ట్రాన్సిస్టరుకూ మధ్య చుట్టరికం బొత్తిగా లేదు. అయినా ఇంటికి పెద్దవాణ్ణి గనుకా, అడిగినవాడు 18 వేలు పెట్టినవాడు గనుకా, సంగతేమిటో తెలుసుకుందామని కొన్ని సాయంత్రాలు ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ సాఫ్టువేరు పేరు ఈసిమ్. బొంబాయి ఐఐటీలో ఫాసీ అనే ప్రాజెక్టు వారు కేంద్ర విద్యాశాఖ డబ్బుతో తయారుచేసి, దేశంలో ఎవరైనా సరే ఉచితంగా వాడుకోండని వదిలిపెట్టారు. మొదట్లో దాన్ని ఆస్క్యాడ్ అనీ, ఫ్రీఈడీఏ అనీ అనేవారట. తెరమీద బొమ్మ గీసే పనిని అందులో కైకాడ్ అనే భాగం చేస్తుంది. అది 1992లో ఫ్రాన్సులో పుట్టింది. గీసిన బొమ్మలో కరెంటు ఎలా ప్రవహిస్తుందో లెక్కకట్టే భాగం పేరు ఎన్‌జీస్పైస్. అదే ఐఐటీలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు పదేసి నిమిషాల చిన్నచిన్నవి, రకరకాల సాఫ్టువేర్లు నేర్పేవి, తెలుగులో కూడా కొన్ని వున్నాయి. ఆ తెలుగు ఎలా వుందని నన్నడక్కండి. పాఠం అర్థమైందని పిల్ల అంటున్నది, అది చాలు.

పని జరిగే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. జాబితాలోంచి ఒక బ్యాటరీ గుర్తును తెచ్చి తెరమీద పెడుతుంది. ఒక రెసిస్టరు పెడుతుంది. ఒక దీపం పెడుతుంది. గీతలతో కలుపుతుంది. ఒక్కొక్కదానికీ విలువ రాస్తుంది: ఇది 9 వోల్టులు, ఇది 470 ఓములు. తరువాత మీట నొక్కితే గీతలు గీతలుగా ఫలితం వస్తుంది. ఒకనాడు కావాలనే రెసిస్టరు తీసేసి బ్యాటరీని సూటిగా దీపానికి తగిలించింది. నిజమైన దీపమైతే చిటుక్కున పోయేది. ఇక్కడ పొగ లేదు, వాసన లేదు. ఇంత కరెంటు పోతున్నదని పెద్ద అంకె ఒకటి చూపించి వూరుకుంది.

"చూడు మామా, కాలిపోయినా కాలిపోయిందని చెప్పదు. ఆ అంకె చూసి మనమే భయపడాల" అన్నది.

ఆ మాట నాకు నచ్చింది. మా బావ ముక్కుతో చేసే పనిని ఈ పిల్ల అంకెతో చేయాలన్నమాట. మోటారు దగ్గరికి పోయి ఒక్కసారి గాలి పీల్చి, ఏ వైండింగు మాడిందో చెప్పగలవాడు ఆయన.

ఈ స్పైస్ అనేదాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. పురాణాలు చదివే అలవాటున్నవాడికి మూలకథ తెలుసుకోనిదే నిద్రపట్టదు కదా. 1969-70లో అమెరికాలో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రోరర్ అనే ఆచార్యుడు ఒక తరగతి నడిపాడు. పాఠాలు చెప్పడానికి బదులు, కంప్యూటరు చేత సర్క్యూటు లెక్కలు చేయించే ప్రోగ్రాము ఒకటి మీరే రాయండని విద్యార్థులను కూర్చోబెట్టాడు. పరీక్ష ఏమిటంటే, అదే శాఖలోని పెడర్సన్ ఆచార్యుడు ఆ ప్రోగ్రామును మెచ్చుకుంటే అందరూ ప్యాసు, మెచ్చకుంటే అందరూ ఫెయిలు! మన కాలేజీల్లో ఇటువంటి పరీక్ష పెడితే తల్లిదండ్రులు ప్రిన్సిపాలు గదిముందు బైఠాయిస్తారు. వాళ్ళు మాత్రం ప్యాసయ్యారు.

ఆ ప్రోగ్రాముకు పెట్టిన పేరు క్యాన్సర్. పేరు విని కంగారుపడకండి, అది పొడి అక్షరాల పేరు. చివరి రెండక్షరాలకూ అర్థం "రేడియేషను మినహా" అని. ఆ రోజుల్లో అమెరికాలో ఇటువంటి ప్రోగ్రాములు చాలామట్టుకు రక్షణశాఖ డబ్బుతో తయారయ్యేవి. అణుబాంబు రేడియేషను తగిలితే సర్క్యూటు ఏమవుతుందో కూడా లెక్క చెప్పాలని షరతు వుండేది. ఆ లెక్క మేం చెప్పం అని కుర్రవాళ్ళు పేరులోనే చాటారు. ఆ తరగతిలోని లారీ నేగెల్ అనే విద్యార్థి పెడర్సన్ దగ్గర పరిశోధనకు చేరి దానినే తిరగరాసి స్పైస్ చేశాడు. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సభలో పెడర్సన్ దాన్ని లోకానికి ప్రకటించాడు. అడిగిన ప్రతివాడికీ ఇవ్వాలని పెడర్సన్ పట్టుదల. దాచుకుని అమ్ముకోలేదు. అంచేతనే అది దేశదేశాలకు పాకింది, పిల్లలను పెట్టింది. ఆ పిల్లల్లో ఒకటి ఎన్‌జీస్పైస్. బర్క్‌లీలో ఆనాడు ఇచ్చిన ఉచితమే, చేతులు మారి మారి, ఇవాళ బైరాగిపట్టెడలో మా వసారాలో ఈ పిల్లకు అందింది.

లెక్క ఎలా చేస్తుందో కూడా రెండు ముక్కల్లో చెబుతాను, ఇది వినదగ్గదే. సర్క్యూటులో తీగలు కలిసే చోట్లన్నిటినీ ముడులనుకోండి. ఒక ముడికి ఎంత కరెంటు వచ్చి చేరుతుందో అంతే బయటికి పోవాలి, మధ్యలో మిగలడానికి వీల్లేదు. 1845లో, 21 ఏళ్ళ విద్యార్థిగా వున్నప్పుడు, కిర్కాఫ్ అనే జర్మను చెప్పిన సూత్రం ఇది. స్పైస్ ఒక్కొక్క ముడికి ఒక్కొక్క సమీకరణం రాసుకుంటుంది. ట్రాన్సిస్టరు వంటి వంకర స్వభావం గలవి వుంటే సూటిగా జవాబు రాదు. అప్పుడు ముందొక అంచనా వేస్తుంది, సమీకరణంలో పెట్టి చూస్తుంది, కుదరకపోతే అంచనా సవరిస్తుంది. అలా సవరించి సవరించి, తేడా అత్యల్పమయ్యేదాకా వదలదు. కంద పద్యం నేర్చుకునే కుర్రవాడు ఒక మాట పెట్టి, గణం చెడితే తీసి, మరో మాట పెట్టి చూడడం నేను ఏటా చూస్తూనే వున్నాను. పిల్లవాడు నాలుగోసారికి విసుగెత్తి బయటికి పోతాడు. యంత్రానికి విసుగు లేదు.

ఇంకొక నియమం. ముడుల్లో ఒకదానికి సున్న అని పేరు పెట్టి తీరాలి. అదే భూమి. భూమి గుర్తు పెట్టకుండా ఎంత అందమైన సర్క్యూటు గీసినా ఆ ప్రోగ్రాము లెక్క చేయనని మొరాయిస్తుంది. ఎత్తు ఎంతని అడిగితే దేనినుంచి ఎంత అని చెప్పాలి కదా.

ఒకరోజు ఆ పిల్ల మూడు మీటలకు ఎన్ని స్థితులు వుండవచ్చో పట్టిక రాస్తున్నది. సున్నలూ ఒకట్లూ. పక్కనుంచి చూసి, ఇది మ, య, ర, స, త, జ, భ, న కదా అన్నాను. మూడక్షరాలకు గురులఘువుల ప్రస్తారం వేస్తే వచ్చేవీ ఆ ఎనిమిదే. ఒకటే తేడా, వాళ్ళ పట్టికలో కుడిచివర అంకె త్వరత్వరగా మారుతుంటే, మన ప్రస్తారంలో ఎడమచివర అక్షరం మారుతుంది. పింగళుడి ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం వున్నదని చెబితే, "అయితే మామా, నువ్వు కూడా మా బ్రాంచే" అన్నది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నాకు ఇంతటి బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

సరే, ఇక నీళ్ళ సంగతికి వస్తాను.

తిరుపతిలో కాపురం వుండేవారికి నీళ్ళ విలువ చెప్పనక్కర్లేదు. మునిసిపాలిటీ నీళ్ళు కొళాయికి వచ్చే రోజూ వేళా గుర్తుపెట్టుకోవాలి. తక్కిన రోజులకు బోరు. అటువంటి ఊళ్ళో, సంపులోంచి మేడమీది ట్యాంకుకు మోటారు వేసి, ఆపడం మరచిపోయి, నీళ్ళు పొర్లి వీధిలోకి పోయాయంటే, అది మా ఆవిడ దృష్టిలో కొంపకు నిప్పంటించినదానితో సమానం. ట్యాంకు నిండగానే గంట మోగే ఏర్పాటు ఏదైనా చెయ్యవే అని మేనకోడలికి పురమాయించింది.

ఇది చాలా చిన్న సర్క్యూటు. ట్యాంకు అంచు దగ్గర రెండు తీగల కొనలు వేలాడుతుంటాయి. నీళ్ళు ఆ కొనలకు తగలగానే నీళ్ళగుండా కాస్తంత కరెంటు పారి ట్రాన్సిస్టరును తట్టిలేపుతుంది. ట్రాన్సిస్టరు ఆ కొంచెపు కరెంటును సుమారు రెండు వందల రెట్లు చేసి గంటను మోగిస్తుంది. బీసీ 547 అనే ఆ ట్రాన్సిస్టరు అంగట్లో అయిదు రూపాయలు చేయదు. పిల్ల ముందు ఈసిమ్‌లో బొమ్మ గీసింది. బ్యాటరీ పెట్టింది, గంట పెట్టింది, ట్రాన్సిస్టరు పెట్టింది. తరువాత ఆగిపోయింది.

"మామా, దీంట్లో నీళ్ళు లేవు" అన్నది.

నిజమే. వేలకొద్దీ సరుకులున్న ఆ అంగట్లో నీళ్ళు మాత్రం లేవు! ప్రపంచంలో ఎన్ని రకాల ట్రాన్సిస్టర్లున్నాయో అన్నిటి జాతకాలూ తయారుచేసిపెట్టినవారు, చెంబెడు నీళ్ళు పెట్టలేదు. ఏం చేయాలని అడిగితే, నీళ్ళను కూడా ఒక రెసిస్టరే అనుకోవాలన్నది. ఎన్ని ఓములు? అది ఎవరు చెబుతారు? కొళాయి నీళ్ళు బకెట్లో పట్టి మల్టీమీటరు తీగలు ముంచి చూసింది. ముల్లు కాదుగాని, అంకె నిలవలేదు. 40 వేల ఓముల దగ్గర మొదలై పైకి పాకుతున్నది. రెండు తీగల మీదా కంటికి కనిపించని బుడగలు పేరుకునే కొద్దీ అలా పెరుగుతుందని పుస్తకం చూసి చెప్పింది. పిల్ల తెలివైనది. ఎంత చెడ్డ నీళ్ళయినా పది లక్షల ఓములు దాటవులే, దానికి మోగితే దేనికైనా మోగుతుందని తీర్మానించుకుంది. బొమ్మతో పనిలేకుండా, సర్క్యూటు జాబితాను తానే టైపు చేసి, నీళ్ళ దగ్గర పది లక్షలకు గుర్తుగా 1 పక్కన ఎం అనే ఇంగ్లీషు అక్షరం వేసింది. వాళ్ళ పుస్తకాల్లో మెగా అంటే పెద్ద ఎం కదా. మీట నొక్కింది. తెరమీద గంటకు కావలసిన కరెంటంతా నిండుగా వచ్చింది.

తరువాత నిజం సరుకులు తెచ్చి బోర్డుమీద గుచ్చింది. బకెట్లో తీగలు ముంచగానే గంట చెవులు చిల్లులు పడేలా మోగింది. మా ఆవిడ పరమానందభరితురాలై ఆ పూట పాయసం చేసింది.

మరునాడు మేడెక్కి ట్యాంకులో బిగించారు. మోటారు వేశారు. ట్యాంకు నిండింది. పొర్లింది. వీధిలో కాలువ కట్టింది. గంట మాత్రం దోమ రొద చేసినట్టు సన్నగా మూలిగి వూరుకుంది.

పిల్ల ముఖం చూడలేకపోయాం. తీగలు మార్చింది, బ్యాటరీ మార్చింది, ట్రాన్సిస్టరు మార్చింది. కిందికి తెచ్చి బకెట్లో ముంచితే మోగుతుంది, మేడమీద మోగదు. తెరమీద ఎన్నిసార్లు నడిపినా భేషుగ్గా మోగుతున్నట్టే చూపిస్తుంది. రెండు రోజులు సరిగా భోంచేయలేదు. "నాకు చేతిపని రాదు మామా. రాసేదీ గీసేదీ తప్ప నాకేం రాదు. ఈ డిప్లొమా అయిపోతానే ఏదైనా ఫ్యాక్టరీలో చేరిపోతా" అన్నది. శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలకు ఈ జిల్లాల ఆడపిల్లలు వేలమంది పనికి పోతున్నారు, వాళ్ళ సంపాదనతో ఇళ్ళు నిలబడుతున్నాయి, ఆ పనిని తక్కువగా చూసేవాణ్ణి కాను. కాని ఈ పిల్ల ఆ మాట అన్నది ఇష్టంతో కాదు, ఓడిపోయి అన్నది. అదే నాకు కష్టంగా తోచింది.

ఆ వారం బావ వచ్చాడు. నవంబరు నెల, చెప్పాపెట్టకుండా ముసురు. గొడుగు దులిపి వసారాలో పెట్టి, కాఫీ తాగుతూ కథంతా విన్నాడు. తెరమీది గీతలను గాని, బోర్డును గాని కన్నెత్తి చూడలేదు. గ్లాసు కింద పెట్టి, ఒక్క ప్రశ్న వేశాడు.

"బకెట్లోవి ఏ ఊరి నీళ్ళు పాపా? ట్యాంకులోవి ఏ ఊరి నీళ్ళు?"

అందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. బకెట్లో పట్టినవి పెరటి కొళాయి బోరునీళ్ళు. పళ్ళెంలో పోసి ఎండబెడితే తెల్లటి పొర కడతాయి, అంత ఉప్పు. ట్యాంకుకు ఎక్కించినవి సంపులోవి. మా ఆవిడ ముసురు మొదలైనప్పటినుంచీ డాబామీది వాననీళ్ళను గొట్టం పెట్టి సంపులోకి మళ్ళించింది. నీటిలో కరెంటును మోసేది నీళ్ళు కాదు, అందులో కరిగిన ఉప్పులు. వాననీళ్ళలో మోసేవాళ్ళే తక్కువ.

"బోరు బోరుకూ నీళ్ళు వేరే పాపా. కొన్ని ఊళ్ళ నీళ్ళకు కేబులు జాయింటులో సూదిమొనంత సందు దొరికినా కరెంటు కారతాది. కొన్ని ఊళ్ళలో ఏమీ కాదు. మేం ఊరి పేరడిగే జాయింటు చుడతాం" అన్నాడు బావ.

పిల్ల లేచి, మల్టీమీటరు తీసుకుని, వానలోనే మేడెక్కింది. దిగివచ్చి, ఏడు లక్షల ఓములు దాటి పోతోందన్నది. తరువాత కాసేపు మాట్లాడలేదు. ఏడు లక్షలంటే తాను రాసిన పది లక్షలకంటే తక్కువే. పది లక్షలకు తెరమీద మోగిన గంట, ఏడు లక్షలకు ట్యాంకు మీద ఎందుకు మోగదు? అక్కడికి వచ్చింది ప్రశ్న. ఆ రాత్రి పదకొండు గంటలకు మమ్మల్ని లేపింది. దొరికిందన్నది.

స్పైస్ పుట్టిన కాలంలో ప్రోగ్రాములను చిల్లుల కార్డుల మీద కొట్టేవారు. వాటిలో పెద్ద అక్షరాలే తప్ప చిన్నవి వుండేవి కావు. అంచేత ఆ ప్రోగ్రాముకు పెద్ద ఎం, చిన్న ఎం అనే భేదం తెలియదు. ఏ ఎం రాసినా దానికి మిల్లీ, అంటే వెయ్యోవంతు. పది లక్షలని చెప్పదలిస్తే మెగ్ అని మూడక్షరాలూ రాయాలి. కార్డులు పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ ఆచారం ఇంకా స్పైస్ వంశంలో నిలిచివుంది. పిల్ల పది లక్షల ఓములని రాశాననుకుంది. యంత్రం ఒక ఓములో వెయ్యోవంతు అని చదువుకుంది. ట్యాంకులో వున్నవి వాననీళ్ళని ఈమె ఊహ. దానికి మాత్రం ట్యాంకు నిండా మందమైన రాగికడ్డీ! మోగక ఏం చేస్తుంది?

నాకు ఇందులో ఆశ్చర్యం కలగలేదు. ఒక్క ఒత్తు తగిలిస్తే మామ కాస్తా మామ్మ అవుతాడు. అక్షరాల దగ్గర యంత్రం నాకంటే కఠినమైన పరీక్షకుడని మాత్రం గ్రహించాను. నేనైతే వాక్యం చూసి, పాపం వీడు మామనే ఉద్దేశించాడు కాబోలునని అరమార్కైనా వేస్తాను.

ఎం తీసి మెగ్ అని దిద్ది మీట నొక్కింది. తెరమీది గంట కరెంటు ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లకు పడిపోయింది. దానికి గంట మోగదు. తెరమీద కూడా మోగలేదని చూడగానే ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. మోగనందుకు సంతోషించేవాళ్ళను నేను అదే చూడడం. చేతిలో కట్టిందీ తెరమీద గీసిందీ రెండూ ఒకే మాట చెప్పాయి. ఇక ఏం చేయాలో తెలుస్తుంది. ఒక ట్రాన్సిస్టరు వెనుక మరొకటి పెట్టింది. మొదటిది రెండు వందల రెట్లు చేసినదాన్ని రెండోది మళ్ళీ రెండు వందల రెట్లు చేస్తుంది. మొత్తం 40 వేల రెట్లు. బెల్ లాబొరేటరీస్‌లో పనిచేసిన సిడ్నీ డార్లింగ్టన్ 1953లో పేటెంటు పొందిన ఉపాయం ఇది. ఆయన పేరుతోనే డార్లింగ్టన్ జంట అంటారు. మరునాడు ఉదయం వాననీళ్ళకు కూడా గంట మోగింది. వీధివాళ్ళు నిద్రలేచారు.

బావ మాత్రం రాగితీగలు వద్దన్నాడు. నీళ్ళలో ఎప్పుడూ ఒకేవైపు కరెంటు పారితే ఒక తీగ పచ్చబారి తినుకుపోతుంది, స్టీలు బోల్టులు పెట్టమన్నాడు. ఈసిమ్‌లో పచ్చబారడం లేదు. ఏడాది నడిపినా తీగ కొత్తదిగానే వుంటుంది.

ఇంతవరకూ చదివి, చూశారా, చేతిపనే గొప్ప, ఈ తెరమీది ఆటలన్నీ వట్టివి అనుకునేవారు వుంటారు. బావే అలా అంటాడని ఎదురుచూశాను. ఆయన అలా అనలేదు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లను అడిగింది వేరు.

"పాపా, దీంట్లో మోటారు కాలిస్తే ఎంతవుతాది?"

"ఏమీ కాదు నాయనా."

"ఎన్నిసార్లు కాల్చినా?"

"ఎన్నిసార్లయినా."

బావ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తాను పని నేర్చుకున్న కాలం చెప్పాడు. చిత్తూరులో ఒక వైండింగు అంగడిలో కుర్రవాడుగా చేరినప్పుడు, తప్పు చుట్టిన ఒక మోటారు మాడిపోతే యజమాని మూడు నెలల కూలి పట్టుకున్నాడట. మళ్ళీ ఏడాదిపాటు ఆయన కొత్త పద్ధతి ఏదీ ప్రయత్నించలేదట, చూపించినట్టే చుట్టాడు. "కాల్చే దానికి డబ్బుల్లేక నేను నేర్చుకోనివి శానా వుండాయి బావా" అన్నాడు నాతో. ఆ పెద్దమనిషి నోట నేను విన్న మాటల్లో అంత బరువైనది మరొకటి లేదు. డబ్బున్న ఇళ్ళల్లో పిల్లలు బొమ్మలు విరగ్గొట్టి నేర్చుకుంటారు. మాబోటి ఇళ్ళల్లో, ముట్టుకోకు, పాడవుతుంది అనే మాట విని పెరుగుతారు. పాడైనా ఫరవాలేని చోటు ఒకటి 18 వేలకు దొరికింది.

అప్పుడు ఆయన అసలు కోరిక బయటపెట్టాడు. మా ప్రాంతంలో బోర్లు ఎండేది వేసవిలో. నీళ్ళు అందకపోయినా మోటారు తిరుగుతూనే వుంటుంది. చుట్టూ చల్లబరిచే నీళ్ళు లేక వేడెక్కి మాడుతుంది. రైతు దాన్ని పైకి లాగించి, బండిమీద వేసుకుని బావ అంగడికి తెస్తాడు. నీళ్ళు లేకుంటే మోటారును ఆపే పెట్టెలు బజారులో దొరుకుతాయి కదా అన్నాను. దొరుకుతాయి, కాని మావాళ్ళు వాటి తీగలు ఊడబీకి పారేస్తారన్నాడు. కారణం అడిగితే, "బోరు ఒక్కమాటుగా ఎండదు బావా, దగ్గతాది" అన్నాడు. కాసేపు నీళ్ళు, కాసేపు గాలి, మళ్ళీ నీళ్ళు. ఆ దగ్గు దగ్గుకూ పెట్టె మోటారును ఆపేస్తుంటే రైతు ఎన్నిసార్లు పరుగెత్తుకెళ్ళి వేస్తాడు?

పిల్ల అప్పటికే కొత్త కాగితం తెరిచింది. మోటారును అందులో పెట్టలేదు; మోటారు తాగే కరెంటుకు తగినట్టు పెరిగి తగ్గే చిన్న వోల్టేజీ గుర్తు ఒకటి పెట్టింది. అది గీతకు కిందికి పడితే ఆపమనే సర్క్యూటు. దగ్గుకు వెంటనే బెదరకుండా ఒక రెసిస్టరూ కెపాసిటరూ చేర్చింది; లక్ష ఓములు, వంద మైక్రోఫారడులు, కలిపితే పది సెకన్ల ఓర్పు.

"నీళ్ళుంటే ఎన్ని ఆంపియర్లు నాయనా?"

"ఏడున్నర హార్సుపవరుకా? పద్నాలుగు. గాలి మింగితే ఎనిమిదికి వస్తాది. అయితే వోల్టేజీ ఎక్కువొచ్చిన దినం ఒట్టిమోటారు కూడా పది పదకొండు తాగతాది. అప్పుడు నీ గీత మోసపోతాది, చూసుకో."

పిల్ల గీతను పైకి జరిపింది, తరువాత వోల్టేజీని కూడా కనిపెట్టాలని మరో భాగం చేర్చింది. ఎన్ని సెకన్లు దగ్గుతుంది, ఎన్ని సెకన్లు ఆగుతుంది అని అడిగితే ఆయన నోటితో చెప్పలేకపోయాడు. మళ్ళీ వారం బస్సు దిగినప్పుడు సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. అంగడి జమాఖర్చుల పుస్తకం. అట్ట నూనె మరకలతో నల్లబడింది. అప్పు పద్దులూ వసూళ్ళూ పోగా మిగిలిన అంచుల్లో పెన్సిలుతో అంకెలున్నాయి. ఊరిపేరు, బోరు లోతు, మోటారు దించిన రోజున చూసిన ఆంపియర్లు, కాలి వచ్చిన తేదీ. పనికొస్తుందని కాదు, రాసుకునే అలవాటు అన్నాడు.

ఇప్పుడు ఆ పుస్తకం తెరముందు వుంది. ఆయన వేలు పెట్టి చదువుతాడు, పిల్ల టైపు చేస్తుంది. పది నిమిషాల దగ్గును యంత్రం రెండు మూడు సెకన్లలో దగ్గి చూపిస్తుంది. నిన్నరాత్రికి పదకొండు బోర్లు అయ్యాయి. నాలుగింటికి సర్క్యూటు తప్పుగా ఆగింది, రెండింటికి ఆగవలసినప్పుడు ఆగలేదు. పది సెకన్ల ఓర్పును ఇరవై చేస్తే ఒకటి బాగుపడి ఇంకొకటి చెడింది. మా ఆవిడ వడ్డించి మూడుసార్లు పిలిచింది. మూడోసారి "ఒక్క బోరు, ఇంకొక్క బోరమ్మా" అన్నది పిల్ల కాదు, బావ.